చిన్న క్లాంపు కోసం బాలానగర్ దాకా

బాలానగర్ చౌరస్తాను ఎన్నిసార్లు దాటానో లెక్క లేదు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నర్సాపూర్ రోడ్డు వైపున్న కాలేజీకి అటునుంచే వెళ్లేవాణ్ని. ఇప్పుడున్న ఫ్లైఓవర్ 2021 జులైలో తెరిచారు గానీ మా రోజుల్లో ఇంకా స్తంభాలు లేస్తున్నాయి. బస్సు సిగ్నల్ దగ్గర ఆగిందంటే ఒక కునుకు తీయొచ్చు. కిటికీలోంచి చూస్తే రేకుల షెడ్లు, నీలంగా మెరిసే వెల్డింగ్ వెలుగు, ట్రాలీ ఆటోల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీలు. ఆ షెడ్లలో ఏం చేస్తారో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. చదివేది ఇంజినీరింగ్, చేరబోయేది సాఫ్ట్‌వేర్. మధ్యలో ఈ షెడ్లతో మనకేం పని?

పని పడింది. అరచేతిలో పట్టే రెండు అల్యూమినియం పలకల కోసం నాలుగు నెలల్లో ఐదుసార్లు అక్కడికి వెళ్లాను. ఆ సంగతే చెప్తాను.

మూడేళ్లు ఒక పెద్ద కంపెనీలో బ్యాంకుల కోసం స్క్రీన్లు తయారు చేసి, విసుగొచ్చి ఓ చిన్న కంపెనీలో చేరాను. మొత్తం పద్నాలుగు మందిమి. కంటి లోపలి రెటీనాను ఫొటో తీసే కెమెరా చేస్తాం. షుగరు ఉన్నవాళ్లకి రెటీనా మీది సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. మొదట్లో ఏమీ తెలియదు, చూపు బాగానే ఉంటుంది. తేడా తెలిసేసరికి చాలామందికి ఆలస్యమైపోతుంది. అందుకే ఏ బాధా లేనప్పుడే ఫొటో తీసి చూడాలి. ఊళ్లకి తీసుకెళ్లి క్యాంపుల్లో వాడుకునేలా మా మిషను చిన్నగా, తేలిగ్గా ఉంటుంది. దాంట్లో సాఫ్ట్‌వేర్ నాది.

మొన్న మార్చిలో అచ్చంపేట దగ్గర ఒక ఊళ్లో క్యాంపు. తుక్కుగూడ దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే కడ్తాల్, ఆమనగల్లు, డిండి... ఆ దారి నాకెంతో ఇష్టం. డిండి దగ్గర నీళ్లు కనిపించగానే అందరం వ్యాను ఆపమంటాం. హాజీపూర్ చౌరస్తా నుంచి అచ్చంపేట వైపు తిరిగి, అక్కణ్నుంచి లోపలి రోడ్డు. ఆ లోపలి రోడ్డు మీద వ్యాను వెనకాల మిషను పెట్టె ఎగిరెగిరి పడుతుంటే నేను ఫోన్‌లో పాటలు వింటున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రైమరీ స్కూల్ వరండాలో జనం బారులు తీరారు. మొదటి పది, పన్నెండు మందికి బాగానే వచ్చింది. తరవాత ఫొటోల మీద అడ్డంగా గీతలు. ఆపి మళ్లీ పెట్టాం, కాసేపు పనిచేసింది. మళ్లీ గీతలు. పదకొండున్నరకి పూర్తిగా నల్ల తెర. స్క్రూలు విప్పి లోపలి కేబుల్‌ని వేలితో నొక్కి పట్టుకుంటే బొమ్మ వస్తోంది, వదిలేస్తే పోతోంది. వేలు లోపల పెట్టి కూర్చుని కళ్లు పరీక్షించలేం కదా. సగం మందిని వెనక్కి పంపేశాం.

వాళ్లలో ఒకావిడ తండా నుంచి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. "పొద్దుగాల్నే సద్ది కట్టుకోని వచ్చిన కొడుకా. ఇయ్యాల కూలి గూడ పాయె. మల్ల ఎప్పుడొస్తరు?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. ఫోన్ చేసి చెప్తామన్నాను. ఆవిడకి ఫోన్ లేదు. ఏఎన్ఎం తన రిజిస్టర్‌లో పేరు రాసుకుంది.

తిరుగు ప్రయాణంలో అందరూ కేబుల్‌ని తిట్టారు. నేనూ గొంతు కలిపాను. కానీ నాకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. కెమెరా సెన్సర్ నుంచి వచ్చే ఫ్రేము దెబ్బతింటే దాన్ని పారేసి ఇంకొకటి అడిగే కోడు నేనే రాశాను. మొదట మూడుసార్లే అడిగేది. డిసెంబరులో ఆఫీసులో అప్పుడప్పుడు బొమ్మ తడబడుతుంటే దాన్ని పదిసార్లు చేశాను. పైగా తెర మీద హెచ్చరిక కనపడుతుంటే బాస్ ఊరికే కంగారు పడుతున్నాడని ఆ హెచ్చరికా తీసేశాను. బొమ్మ నున్నగా వచ్చింది. అందరూ శభాష్ అన్నారు. అంటే కేబుల్ వదులవుతున్నానని డిసెంబరు నుంచీ చెప్తూనే ఉంది. దాని నోరు నొక్కింది నేనే.

ఆ కేబుల్ గురించి రెండు ముక్కలు. కాగితంలా పలచగా, రిబ్బన్‌లా వెడల్పుగా ఉంటుంది. సెల్‌ఫోన్ రిపేరు షాపులో 'స్ట్రిప్' అంటారే, ఆ జాతిదే. ప్లాస్టిక్ పొరల మధ్య వెంట్రుకల్లాంటి రాగి పట్టీలు పక్కపక్కనే పరిచి ఉంటాయి. చివర కనెక్టరులో దూర్చి చిన్న ప్లాస్టిక్ రెక్క మూస్తే పట్టుకుంటుంది. ఆ పట్టు పట్టీలు తగులుకుని ఉండటానికే, లాగుడు ఆపడానికి కాదు. మా మిషనులో కెమెరా తల జాయ్‌స్టిక్‌తో అటూ ఇటూ కదులుతుంది. కదిలిన ప్రతిసారీ కేబుల్ కనెక్టరుని రవ్వంత లాగుతుంది. దానికి తోడు వ్యానులో కుదుపులు. కనెక్టరుకి ముందే కేబుల్‌ని ఎక్కడో కదలకుండా పట్టి ఉంచితే ఆ లాగుడు అక్కడే ఆగిపోతుంది. అలా పట్టుకునేదే క్లాంపు. మా మిషనులో అది లేదు. డిజైన్ చేసిన కుర్రాడు ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లిపోయాడు. "నువ్వూ ఇంజినీరువే కదా, చూడు" అన్నాడు బాస్.

ఇంత చిన్న విషయమా అనుకుంటారేమో. 2011 సెప్టెంబరులో ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు లోకాన్ని అదరగొట్టే మాట చెప్పారు. జెనీవా దగ్గరి సెర్న్ నుంచి 730 కిలోమీటర్లు నేలలోంచి ప్రయాణించిన న్యూట్రినోలు, కాంతి కంటే 60 నానో సెకన్లు ముందే వచ్చేశాయన్నారు. ఐన్‌స్టీన్ తప్పా అని పేపర్లన్నీ రాశాయి. కొన్ని నెలలు వెతికాక దొరికిన ముఖ్యమైన కారణం, జీపీఎస్ సమయాన్ని గడియారానికి చేర్చే ఫైబర్ కేబుల్ కనెక్టరు పూర్తిగా బిగుసుకోకపోవడం. మరో చిన్న లోపం గడియారంలో ఉందనుకోండి. 2012లో మళ్లీ కొలిస్తే న్యూట్రినోలు కాంతిని దాటలేదు. ఆ కథ చదివినప్పుడల్లా నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. క్యాంపు తరవాత ఆ ధైర్యమూ పోయింది. వాళ్లు అనుమానం వచ్చి వెతికారు, నేను అనుమానం రాకుండా చేశాను.

మొదట జిప్ టై వేశాం. గుండ్రటి వైర్లకి అది బంగారం. పలచటి రిబ్బన్‌ని మాత్రం రెండు అంచులూ ముడిచేసి దొన్నెలా చేసింది. తరవాత గ్లూ గన్‌తో అతికించాం. వారానికి పెచ్చులా ఊడొచ్చింది. ఆ తరవాత నేను కంప్యూటర్ మీద ముచ్చటగా ఒక క్లాంపు గీసి త్రీడీ ప్రింటర్‌లో తీశాను. తీసిన గంటలో బిగించాం, బ్రహ్మాండంగా ఉంది. ఫొటో తీసి ఇన్‌స్టాలో కూడా పెట్టుకున్నాను. అది పీఎల్ఏ అనే ప్లాస్టిక్, అరవై డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. మే నెలలో, అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన వ్యానులో ఎంత వేడి ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా? సాయంత్రం తెరిచి చూస్తే నా క్లాంపు అప్పడంలా వంపు తిరిగి ఉంది.

లోహమే దారి అని తేలింది. రెండు అల్యూమినియం పలకలు, వాటి మధ్య మెత్తటి సిలికాన్ రబ్బరు, ఆ రబ్బరు మధ్య కేబుల్. రెండు స్క్రూలు. శాండ్‌విచ్ అన్నమాట.

జూన్ మొదటి శనివారం బండి తీశాను. ముందు కోఠి గుజరాతీ గల్లీ. ఎలక్ట్రానిక్స్ చదివిన హైదరాబాద్ పిల్లలందరికీ అది పుణ్యక్షేత్రమే, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు అక్కడే పుడతాయి. పాడైన కేబుళ్లకి బదులు కొత్తవి కొన్నాను. తరవాత రాణిగంజ్. బేరింగులు, బోల్టులు, పైపులు, బెల్టులు, ఒక్కో వస్తువుకీ ఒక్కో వరస దుకాణాలు. రబ్బరు షాపులో సిలికాన్ షీటు కావాలంటే "ఎంత మందం, ఎంత మెత్తన?" అని అడిగాడు కుర్రాడు. ఎంత మెత్తనో నాకెలా తెలుసు? నా మొహం చూసి మూడు ముక్కలు ముందు పడేసి "నొక్కి చూసుకోండి సార్" అన్నాడు. అన్నిటికంటే మెత్తగా ఉన్న ఒక మిల్లీమీటరు షీటు తీసుకున్నాను. మూడు మిల్లీమీటర్ల అలెన్ స్క్రూలు పక్క షాపులో గుప్పెడు కొన్నాను. అక్కణ్నుంచి ప్యారడైజ్, తాడ్‌బండ్, బోయిన్‌పల్లి, ఫిరోజ్‌గూడ మీదుగా బాలానగర్.

మొదటిసారి అక్కడ బండి దిగి నడిచాను. మెయిన్ రోడ్డు మీద అన్నీ పెద్ద పేర్లే. విమానాల ఎలక్ట్రానిక్స్ చేసే హెచ్ఏఎల్ విభాగం ఇక్కడే ఉంది. మందులు చేసిన ఐడీపీఎల్ ఇక్కడిదే. అచ్చులు, డైలు, టూల్స్ చేయడం నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఇక్కడ ఉంది. ఆ పెద్ద గేట్ల వెనక, గల్లీల్లోకి వెళ్తే అసలు ఊరు కనపడుతుంది. పెద్ద కంపెనీలకి చిన్న చిన్న భాగాలు చేసిపెట్టడానికి మొదలైన షెడ్లు ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకుని ఉంటాయి. ఒక షెడ్డులో గేర్లు కోస్తారు, పక్కన స్ప్రింగులు చుడతారు, ఎదురుగా రంగు వేస్తారు, మూల మీద గ్రైండింగు. ఒక వస్తువు గల్లీ ఈ చివర ముడి ఇనుముగా దూరి ఆ చివర తయారై బయటికొస్తుంది. గాలిలో కూలెంటు వాసన. నేల మీద చుట్టలు చుట్టలుగా లోహపు రజను మెరుస్తుంటుంది, చెప్పులేసుకుని వెళ్తే మాత్రం జాగ్రత్త. టీ బండి దగ్గర తెలుగు, ఉర్దూ, భోజ్‌పురి, ఒడియా నాలుగూ వినిపించాయి.

నేను వెళ్లిన ప్రతి షెడ్డులో మొదటి ప్రశ్న "ఎన్ని పీసులు?" అనే. రెండు అనగానే నవ్వి తల అడ్డంగా ఊపేవాళ్లు. నాలుగోచోట ఒక పెద్దాయన మాత్రం కుర్చీ చూపించాడు. గల్లీ చివరి షెడ్డు. రెండు లేత్ మిషన్లు, ఒక పాత మిల్లింగ్ మిషన్, గోడకి మల్లెపూల దండ ఆరిపోయిన దుర్గమ్మ పటం. అందరూ ఆయన్ని మేస్త్రి అనే పిలుస్తున్నారు, నేనూ అలాగే పిలిచాను. ప్రభుత్వ కంపెనీలో టర్నర్‌గా చేసి బయటికొచ్చి ఈ షెడ్డు పెట్టుకున్నాడట.

నా డ్రాయింగ్ చూసి కేబుల్ చేతిలోకి తీసుకున్నాడు. "గిది కాయితం లెక్కున్నది. దీన్ని గీ రెండు పలకల నడుమ బిగిస్తవా?"

"మధ్యలో రబ్బరు ఉంటుంది మేస్త్రిగారూ."

"స్క్రూ ఎంతవరకు తిప్పాలె?"

"టైటయ్యేదాకా."

"ఎవలికి టైటు? నీ చెయ్యి వేరు, నా చెయ్యి వేరు." తరవాత పలక అంచు మీద వేలు పెట్టి, "గీ అంచు గిట్లనే ఉంచాల్నా?" అన్నాడు.

డ్రాయింగ్ ప్రకారం చేసేయండి అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. మంగళవారం రమ్మన్నాడు. మంగళవారం తళతళలాడే రెండు పలకలు చేతిలో పెట్టాడు. వంద మీటర్లు నడిచాక కూడా వాటిని జేబులోంచి తీసి చూసుకుంటూనే ఉన్నాను.

ఆఫీసులో బిగించాం. ఈసారి కోడులో హెచ్చరికల్ని తిరిగి పెట్టాను. దెబ్బతిన్న ప్రతి ఫ్రేమునీ లెక్కపెట్టే కౌంటరు తెర మూలన ఎర్రగా కనపడేలా చేశాను. కెమెరా తలని ఒక చిన్న మోటారుతో రాత్రంతా అటూ ఇటూ తిప్పించాం. మొదటి రెండు రాత్రులు కౌంటరు సున్నా. మూడో రోజు పొద్దున వచ్చి చూస్తే నాలుగు వందలు దాటింది. విప్పితే, క్లాంపు అంచు దగ్గర కేబుల్ మీద గోటితో నొక్కినట్టు ఒక తెల్ల గీత. లోపలి రాగి పట్టీల్లో రెండు సరిగ్గా అక్కడే తెగాయి. రబ్బరు నలిగి పక్కలకి పొంగింది.

మళ్లీ బాలానగర్. తెగిన కేబుల్ ముందు పెట్టాను. నేనైతే 'ముందే చెప్పాను కదా' అనేవాణ్ని. ఆయన అనలేదు. కుర్రాడికి టీ చెప్పి నన్నో ప్రశ్న అడిగాడు.

"మీ ఇంట్ల ఇస్త్రీ పెట్టె వైరు యాడ తెగుతది తమ్మీ?"

ఆలోచించాను. "మెడ దగ్గర. పెట్టెలోకి దూరే చోట."

"బండి క్లచ్ వైరు?"

"లివర్ దగ్గర."

"మరి నడుమల ఎందుకు తెగది?"

అంతే. నాలుగేళ్లు చదివిన చదువులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. కదిలే వైరు, కదలని చోటుని కలిసే దగ్గర తెగుతుంది. వంపంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచి విరిచినట్టే. ఇస్త్రీ పెట్టె మెడ దగ్గర రబ్బరు తొడుగు ఉండేది ఆ వంపుని కాస్త దూరం పంచడానికే. ఫోన్ ఛార్జరు వైర్లు ఎక్కడ చీలతాయో ఇంటికెళ్లి ఒకసారి చూసుకోండి.

"గట్టిగ పిసికితె పట్టుకున్నట్టు గాదు" అన్నాడు మేస్త్రి, టీ గ్లాసు మిల్లింగ్ మిషన్ మీద పెడుతూ. "నువ్వు కోడిపిల్లను పట్టుకుంటవు సూడు, గట్ల. పోనియ్యద్దు, సంపద్దు."

ఆ పూట ఇద్దరం కలిసి డ్రాయింగ్ మార్చాం. మొదటి మార్పు, కింది పలకలో కేబుల్ కూర్చునే గాడి. ఆ గాడి లోతే స్క్రూకి హద్దు. రబ్బరు ఒక్కోటీ ఒక మిల్లీమీటరు, కేబుల్ 0.2, మొత్తం 2.2. గాడి లోతు 1.8 పెట్టాం. స్క్రూ తిప్పుతూ పోతే రబ్బరు రెండూ కలిపి 0.4 నొక్కుకుంటాయి, అంటే ఐదో వంతు. అక్కడికి పై పలక కింది పలక మీద లోహానికి లోహం ఆనుకుని ఆగిపోతుంది. ఆపైన ఎంత బలవంతుడు తిప్పినా కేబుల్ మీద ఒత్తిడి పెరగదు. క్యాంపులో ఎవరో టెక్నీషియన్, స్క్రూడ్రైవరు దొరికింది కదాని బిగించేసినా కేబుల్‌కి దెబ్బ తగలదు. నాకు ఇది బాగా నచ్చింది. మంచి ప్రోగ్రాములో కూడా వాడేవాడు తప్పు చేయడానికి వీల్లేకుండా కట్టడి పెడతాం. ఇక్కడ ఆ కట్టడి ఒక మెట్టు, అంతే.

రెండోది కేబుల్ బయటికొచ్చే అంచు. దాన్ని సన్నాయి మూతిలా విప్పారేలా చేయమన్నాను. పోలిక నాదే, ఆయనకి నచ్చింది. కేబుల్ వంగినప్పుడు పదునైన గీత మీద కాకుండా గుండ్రటి ఒంపు మీద ఒరుగుతుంది. మూడోది పలకలో లేదు, క్లాంపు పెట్టే చోటులో ఉంది. కనెక్టరుకి, క్లాంపుకి మధ్య కేబుల్‌ని బిగుతుగా లాగకుండా కొంచెం వదులు ఉంచాలి. కదిలే తల వైపు పెద్ద వంపులో వేలాడనివ్వాలి. ఇంటి ముందు ఆరేసిన తీగలా సాగదీసి కట్టకూడదు. అంతరిక్ష నౌకల్లో వైర్ల కట్టల్ని ఎలా కట్టాలో చెప్పడానికే నాసాకి ఒక ప్రమాణ పత్రం ఉంది. అక్కడా గోల ఇదే. ఎంత వంచాలి, ఎక్కడ పట్టాలి, ఎక్కడ వదలాలి.

మిల్లింగ్ అయ్యాక మేస్త్రి నా చేతిలో ఆకురాయి పెట్టాడు. "అంచులు నువ్వే తియ్యి. కేబుల్ నీది గద."

ఇక్కడ ఇంకో నిజం చెప్పుకోవాలి. ఫస్టియర్ వర్క్‌షాప్ ల్యాబులో అందరికీ 'వి ఫిట్టింగ్' అని ఒక పని ఇస్తారు. రెండు ఇనుప ముక్కల్ని ఆకురాయితో రాసి, ఒకటి ఇంకోదాంట్లో సరిగ్గా కూర్చునేలా చేయాలి. మా బ్యాచ్‌లో సగం మంది కాలేజీ బయట షాపులో రెండొందలకి తయారైనది కొనుక్కొచ్చాం. నేనూ కొన్నాను. మంచి మార్కులు వచ్చాయి. అది బహుశా ఇలాంటి షెడ్డులోనే చేసి ఉంటారు. పదేళ్ల తరవాత ఆకురాయి పట్టుకుంటే రెండు నిమిషాలకే మణికట్టు నొప్పెట్టింది. నేను ముందుకీ వెనక్కీ రాస్తుంటే మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపి, "ముందుకు పోయేటప్పుడే ఒత్తు, ఎన్కకు వచ్చేటప్పుడు లేపు" అన్నాడు. గంటన్నర పట్టింది. చివర్లో గరుకు కాగితంతో రుద్ది, పాత చీర ముక్క ఒకటి తెచ్చి అంచు మీద లాగించాడు. దారం పట్టుకుంటే ఇంకా బర్ ఉన్నట్టు. రెండుచోట్ల పట్టుకుంది. మూడోసారి జారిపోయింది.

పలకలకి నల్ల ఎనడైజింగ్ చేయించాం. అందానికి కాదు. కెమెరా లోపల తెల్లటి లోహం ఉంటే వెలుగు దాని మీద పడి ఫొటోలో తెల్ల మచ్చలు వస్తాయి.

మోటారు పరీక్షలో పది రాత్రులు కౌంటరు సున్నా. కుదుపుల పరీక్షకి మా దగ్గర వైబ్రేషన్ టేబుల్ లేదు, దానికయ్యే ఖర్చూ లేదు. మేస్త్రికి తెలిసిన ట్రాలీ ఆటోవాడు ఉన్నాడు. మిషన్ని ఆటోలో కట్టి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నేను వెనకాల కూర్చున్నాను. ఫతేనగర్ నుంచి జీడిమెట్ల దాకా, ఎక్కడ గుంతలుంటే అక్కడికి పొమ్మన్నాను. "గుంతలు లేని రోడ్డు అడిగితె కష్టంగని, ఇదేం బేరం సార్" అని నవ్వాడు డ్రైవరు. మూడు గంటలు తిరిగాం. నా నడుం పోయింది. కౌంటరులో రెండు పడ్డాయి. గుండె జారిపోయింది. విప్పి చూస్తే కేబుల్ భద్రంగా ఉంది, తప్పు పవర్ ప్లగ్గుది. దానికో చిన్న బిగింపు వేశాం.

ఆగస్టులో మళ్లీ అదే ఊరు. ఈసారి వర్షాలు పడి డిండి దగ్గర అంతా పచ్చగా ఉంది. వ్యాను ఆపమని నేను అడగలేదు. లోపలి రోడ్డు మీద కుదిపినప్పుడల్లా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. అదే స్కూల్, అదే వరండా. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా మిషను ఒక్కసారీ ఆగలేదు. ఎర్ర కౌంటరు సున్నా దగ్గరే కూర్చుంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నలుగురిని మాత్రం హైదరాబాద్ పెద్దాసుపత్రికి వెంటనే వెళ్లమని డాక్టరు గారు చీటీ రాశారు. ఆ నలుగురిలో ముగ్గురు తమకి చూపు బాగానే ఉందన్నారు.

మార్చిలో వెనక్కి పంపినవాళ్ల జాబితా ఏఎన్ఎం దగ్గర ఉంది. చాలామంది వచ్చారు. తండా ఆవిడ రాలేదు. అడిగితే, బిడ్డ దగ్గరికి దేవరకొండ పోయిందని, దసరా అయ్యాక గాని రాదని చెప్పింది. షుగరు మందులు వేసుకుంటోందా అంటే, పోయేటప్పుడు నెలకి సరిపడా ఇచ్చానంది. ఆవిడ పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టబోతుంటే వద్దని, దేవరకొండలో బిడ్డ ఇంటి ఫోన్ నంబరు ఎవరి దగ్గరైనా ఉందేమో కనుక్కోమన్నాను. సాయంత్రం వ్యాను ఎక్కేముందు ఓ కుర్రాడు పరిగెత్తుకొచ్చి చిన్న కాగితం ఇచ్చాడు. దాంట్లో తొమ్మిది అంకెలే ఉన్నాయి. పదోది వాళ్ల నాన్న పొలం నుంచి వచ్చాక అడిగి చెప్తానన్నాడు.

సోమవారం బాలానగర్ వెళ్లాను. మిగతా మిషన్లన్నిటికీ కలిపి పదకొండు జతలు కావాలి. మేస్త్రి కొత్త డ్రాయింగ్ చూసి, అంచు దగ్గర నేను రాసిన ఒంపు కొలత మీద వేలు పెట్టి తల ఊపాడు. తరవాత ఆకురాయి తీసి బల్ల మీద నా వైపు జరిపాడు.

"పదకొండు జతలు తమ్మీ. ఎన్ని రోజులు లీవు పెడ్తవు?"